పొరుగువాని చేతి టీకా



మన సంఘములలో ఏబది యేండ్లు దాటిన పెద్దల చేతిని చూచినయెడల, భుజమునకు కొంచెము దిగువగా నాణెమంత గుండ్రని మచ్చ కనబడును. అది చిన్ననాట మశూచికి వేయించుకొనిన టీకా గుర్తు. నేటి పిల్లలకు ఆ మచ్చ లేదు. వారి చేతిమీద నుండు చిన్న గుర్తు క్షయరోగమునకు వేసిన బి.సి.జి. టీకాది. మశూచి మచ్చ లేకపోవుటకు కారణము మశూచియే లేకపోవుట. మన దేశములో కడపటి మశూచి రోగి 1975లో కనబడెను. 1980లో ఆ రోగము లోకమంతటను నశించినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించెను. 'అమ్మవారు పోసింది' అని గుమ్మమునకు వేపమండలు కట్టి గడగడలాడిన దినములను మన తాతలు చూచిరి. మన మనుమలు ఆ మాట వినుటయే గాని చూడరు.

ఇంతటి మేలును కన్నులార చూచినవారము గనుక, సూది వేయించిన బిడ్డకు ఆ రోగము రాదని మనకొక నమ్మకము కుదిరినది. చాలమట్టుకు అది నిజమే. అయితే సూది వేసినను సరిగా పట్టని బిడ్డలు కొందరున్నారు. మూత్రపిండమో, కాలేయమో, గుండెయో చెడిపోగా, మరియొకరి అవయవమును తమ దేహములో పెట్టించుకొని బ్రదుకుచున్న బిడ్డలు వారు. ఒకప్పుడు ఇట్టి బిడ్డల మాట పెద్ద పట్నముల ఆసుపత్రులలోనే వినబడెడిది. నేడు వారు చికిత్స ముగించుకొని తమ ఊళ్ళకు తిరిగి వచ్చుచున్నారు, బడికి పోవుచున్నారు, ఆదివారమున గుడిలో తోడి పిల్లలతో చాపమీద కూర్చుండుచున్నారు.

వారిని అంటురోగముల నుండి కాపాడునది ఏది? దీనికి జవాబు తెలియవలెనన్న రెండు చరిత్రలు తెలియవలెను. ఒకటి, శరీరమునకు జ్ఞాపకము నేర్పిన చరిత్ర. రెండవది, ఆ జ్ఞాపకమునే మాన్పించిన చరిత్ర. ఈ రెండును ఒక పసిబిడ్డ దేహములో కలిసికొన్నప్పుడు, పొరుగువారమైన మనకు ఒక పని పడుచున్నది.

జ్ఞాపకము నేర్చిన శరీరము

1796వ సంవత్సరము మే 14న, ఇంగ్లండులోని పల్లెవైద్యుడగు ఎడ్వర్డు జెన్నరు, పాలు పిదుకు ఒక స్త్రీ చేతిమీద లేచిన గోమశూచి పొక్కులోని రసమును తీసి, జేమ్సు ఫిప్సు అను ఎనిమిదేండ్ల బాలుని చేతికి ఎక్కించెను. కొన్ని వారములైన పిమ్మట మశూచి రసమునే ఎక్కించి చూచినను ఆ బాలునికి రోగము రాలేదు. టీకా చరిత్రకు అదే మొదలు.

ఆరేండ్లలో ఆ మందు మన దేశమునకు చేరెను. ఆ దినములలో మందులను చల్లగా నుంచు పెట్టెలు లేవు. పొక్కు రసము ఎండిపోయినచో పనికిరాదు. అందుచేత ఒక బిడ్డ చేతి నుండి మరియొక బిడ్డ చేతికి, ఆ చేతి నుండి ఇంకొక చేతికి దానిని అందించుచు తీసికొనిపోవుట వాడుకయాయెను. వియన్నా నుండి బాగ్దాదు, బస్రాల మీదుగా బొంబాయి చేరిన ఆ రసమును 1802 జూన్ 14న అన్నా డస్ట్‌హాల్ అను మూడేండ్ల బాలికకు వేసిరి. మన దేశములో మొట్టమొదట టీకా పట్టినది ఆ పసిదానికే. మరుసటి వారము ఆమె చేతి నుండి మరి అయిదుగురు పిల్లలకు వేసిరి. అచ్చట నుండి చేతి మీదుగా చేతికి సాగి అది హైదరాబాదునకును మద్రాసునకును వచ్చెను. ఆ పిల్లలలో చాలమంది పేర్లు చరిత్రలో మిగులలేదు. వారి చేతుల మీదుగా వచ్చిన మేలు మాత్రము మన పెద్దల వరకు చేరినది.

టీకా పనిచేయు విధమును మన ఊరి మాటలలో చెప్పవచ్చును. ఊరి కావలికాడు ఒక దొంగను ఒకమారు చూచెనా, మరల వాడు పొలిమేరలో అడుగు పెట్టగానే గుర్తుపట్టి కేక వేయును. మన రక్తములోను ఇట్టి కావలివారు గలరు. టీకా వారికి దొంగ ముఖమును ముందుగా చూపును.

ఆ చూపుట రెండు రీతులుగా నుండును. కొన్ని టీకాలలో క్రిమిని చంపి గాని, దానిలోని ఒక ముక్కను గాని ఎక్కింతురు. కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతము, హెపటైటిస్ బి అను కామెర్లు, న్యుమోనియా, ఇన్‌ఫ్లుయెంజా జ్వరము, వీటికి వేయు సూదులును, సూదితో వేయు పోలియో టీకాయును ఈ తెగవి. ఇది చచ్చిన పామును చూపి పామును గుర్తుపట్ట నేర్పుట వంటిది. మరికొన్ని టీకాలలో క్రిమి బ్రదికియే యుండును, గాని దాని బలము తీసివేయబడి యుండును. తట్టు, రుబెల్లా, గవదబిళ్ళలు, ఆటలమ్మ, వీటి టీకాలును, బి.సి.జి.యును, పోలియో చుక్కలును, విరేచనములకు వేయు రోటా చుక్కలును ఈ తెగవి. ఇది కోరలు పీకిన పామును వదలి చూపుట వంటిది. ఆరోగ్యముగల బిడ్డ దానిని సులువుగా అణచివేసి, ఆ పోరులో మంచి పాఠము నేర్చుకొనును. కావలివారు మత్తులో నున్న దేహములో మాత్రము ఆ బలహీనపు క్రిమియే పెచ్చరిల్లునేమో యను భయము గలదు.

మరపు నేర్పిన మందులు

అవయవ మార్పిడికి మొదటినుండి అడ్డుపడినది ఈ జ్ఞాపకమే. 1943లో స్కాట్లండులోని గ్లాస్గో నగరపు ఆసుపత్రిలో ఒళ్ళు కాలిన ఒక స్త్రీకి ఆమె సహోదరుని చర్మపు ముక్కలను అతికించిరి. పీటరు మెడావరు అను శాస్త్రజ్ఞుడు వాటిని దినదినము పరీక్షించి చూచెను. మొదట అతికించినవి కొన్ని దినములు నిలిచి పాడైపోయెను. రెండవమారు అతికించినవి ఇంకను త్వరగా పాడైపోయెను. అనగా పరాయి చర్మము ఏదో శరీరము ఒకమారు చూచి నేర్చుకొన్నది. రెండవమారు అది ఆలస్యము చేయలేదు. దొంగను గుర్తుపట్టు ఆ కావలివాడే, మేలు చేయ వచ్చిన అతిథిని కూడ దొంగయని తరిమివేయుచున్నాడు. పరాయి కణజాలమును సహించుటను శరీరమునకు నేర్పవచ్చునని పిమ్మట వెల్లడిచేసినందుకు మెడావరుకు 1960లో నోబెలు బహుమానము లభించెను.

1954 డిసెంబరు 23న అమెరికాలోని బోస్టను నగరములో డాక్టరు జోసెఫు మర్రే, రోనాల్డు హెరిక్ అను వాని మూత్రపిండమును వాని కవల సోదరుడగు రిచర్డునకు పెట్టెను. అది పనిచేసెను. వారిద్దరును ఒకే పోలికగల కవలలగుటచేత రిచర్డు దేహము ఆ పిండమును పరాయిదని యెంచలేదు. అయితే కవల సోదరుడు ఎందరికి దొరకును?

జవాబు 1959లో కుందేళ్ళ మూలముగా వచ్చెను. బోస్టనులోనే రాబర్టు ష్వార్ట్జ్, విలియం డామెషెక్ అను వైద్యులు కుందేళ్ళకు పరాయి మాంసకృత్తునొకదానిని సూదితో ఎక్కించిరి. మామూలుగా కుందేలి రక్తము దానిని గుర్తుపట్టి ప్రతిరక్షకములను, అనగా దానిని పట్టుకొను పదార్థములను, పుట్టించును. ఆ కుందేళ్ళకు రక్తపు కాన్సరునకు వాడు మెర్కాప్టోప్యూరిన్ అను మందును కూడ ఇచ్చిరి. అప్పుడు వాటి రక్తములో ప్రతిరక్షకములు పుట్టలేదు. కావలివాడు చూచియు చూడనట్లే ఊరకుండెను.

చదువరులారా, ఇక్కడ కొంచెము నిలువుడు. పరాయి పదార్థమును సూదితో ఎక్కించి శరీరము దానిని గుర్తుపట్టునట్లు చేయుటయే గదా టీకా! ఆ మందు గొప్పతనము తెలిసినదే, ఎక్కించిన సూది పట్టకపోవుట చేత. కాబట్టి అవయవము పెట్టిన బిడ్డకు టీకా సరిగా పట్టకపోవుట ఎవరి అజాగ్రత్త వలనను జరుగునది కాదు. ఏ మందు ఆ అవయవమును నిలుపుచున్నదో ఆ మందే టీకా పాఠమును కొంతవరకు చెరిపివేయుచున్నది. మేలును కీడును ఒకే గిన్నెలో నున్నవి.

అటుపిమ్మట ఆ మందునకు తోబుట్టువైన అజాథయోప్రిన్‌తో 1962లో మృతుని మూత్రపిండమును పెట్టి, రోగిని ఏడాదికి పైగా నిలుపగలిగిరి. 1963లో డాక్టరు థామసు స్టార్జ్‌ల్ డెన్వరు నగరములో మూడేండ్ల బిడ్డకు కాలేయమును మార్చుటకు మొదటిసారి ప్రయత్నించెను. ఆ బిడ్డ దక్కలేదు. 1967లో ఆయన చేతనే మరియొక పసిబిడ్డ ఏడాదికి పైగా బ్రదికెను. నేలలో పెరుగు బూజు నుండి తీసిన సైక్లోస్పోరిన్ 1983 నుండి అమెరికాలో వాడుకకు వచ్చెను. 1984లో జపాను దేశపు త్సుకుబా ప్రాంతపు మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుండి టాక్రోలిమస్ అను మందు దొరికెను. నేడు అవయవ మార్పిడి జరిగిన బిడ్డలలో అనేకులు ప్రతి దినము మ్రింగుచున్నది ఈ టాక్రోలిమస్‌నే. అది కొన్నాళ్ళ మందు కాదు. సాధారణముగా బ్రదికినంతకాలము మ్రింగవలసినది.

మన దేశములో

మిషను ఆసుపత్రులలో పేరెన్నికగన్న వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1971లో మూత్రపిండ మార్పిడి జయప్రదముగా జరిగెను. 1900లో కుమారి ఐడా స్కడ్డరు ఒక్క మంచముతో మొదలుపెట్టిన వైద్యశాల అది. అదే వెల్లూరులో, అదే దశాబ్దమున, డాక్టరు టి. జేకబ్ జాన్ పిల్లలకు వేయు పోలియో చుక్కలను గూర్చి పరిశోధించుచుండెను. పై దేశములలో మూడు మోతాదులతో బాగుగా పట్టిన ఆ చుక్కలు, మన పిల్లలలో అనేకులకు మూడు మోతాదులు వేసినను పట్టుటలేదని ఆయన కనుగొనెను. వేయుట వేరు, పట్టుట వేరు అని మన దేశమునకు అప్పుడు తెలిసినది. అందుచేతనే మన పిల్లలకు మరల మరల చుక్కలు వేసిరి. 2011 జనవరి తరువాత మన దేశములో పోలియో అడవి క్రిమి ఒక బిడ్డనైనను కుంటిని చేయలేదు. 2014 మార్చిలో ఆ రోగము ఈ ప్రాంతమున లేదని ధ్రువపరచిరి. పట్టని టీకాను పారవేయక, ఎందుకు పట్టలేదో విచారించి దానికి తగిన ఏర్పాటు చేయుటయే వారు నడచిన త్రోవ.

అవయవముల దానమునకు మన పార్లమెంటు 1994లో చట్టము చేసెను. 1998 నవంబరులో ఢిల్లీ నగరపు అపోలో ఆసుపత్రిలో, కాంచీపురమునకు చెందిన రెండేండ్లయినను నిండని బాలునికి తండ్రి కాలేయములో కొంత భాగమును తీసి పెట్టిరి. మన దేశములో బిడ్డకు కాలేయ మార్పిడి జయప్రదమైనది అదే మొదలు. ఆ బాలుడు పెరిగి తానే వైద్యుడాయెను. 2013లో మన ప్రభుత్వము హైదరాబాదులో జీవన్‌దాన్ అను పథకమును స్థాపించి, మరణించినవారి అవయవములను వేచియున్న రోగులకు క్రమముగా అందించు ఏర్పాటు చేసెను. 2024లో ఉస్మానియా ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక మూడేండ్ల బాలునికి వాని తల్లి తన కాలేయములో కొంత భాగమిచ్చెను. ఇచ్చిన తల్లి కాలేయము కొన్ని నెలలలో తిరిగి పెరుగును. ఇట్లు బీదవారి బిడ్డలకును ఈ చికిత్స దొరకుచున్నది.

టీకా విషయములోను హైదరాబాదు వెనుకబడలేదు. కాలేయమును పాడుచేయు హెపటైటిస్ బి టీకా ఒకప్పుడు విదేశముల నుండియే వచ్చెడిది. దాని వెల సామాన్యులకు అందెడిది కాదు. నెల్లూరు ప్రాంతీయుడగు వరప్రసాదరెడ్డిగారు శాంతా బయోటెక్నిక్స్ అను సంస్థను స్థాపించి, 1997లో ఆ టీకాను మన దేశమునందే చేయించి తక్కువ వెలకు అమ్మిరి. 2011 నాటికి అది దేశమంతటను పిల్లలకు ఉచితముగా వేయు టీకాలలో చేరినది. ముందుగా ఈ సూది పడుటచేత కాలేయము చెడకుండ నిలిచిన బిడ్డకు మార్పిడి అక్కరయే యుండదు. అది టీకా చేయు మొదటి మేలు.

సూది ఎంత పట్టును?

అవయవము పెట్టించుకొనిన బిడ్డకు టీకా బొత్తిగా పట్టదని తలంపరాదు. పట్టును, గాని తక్కువగా పట్టును. పట్టినది త్వరగా తరిగిపోవును. 2021లో అమెరికాలో అవయవ మార్పిడి జరిగిన 658 మంది పెద్దవారికి కోవిడ్ టీకా రెండు మోతాదులు వేసిన పిమ్మట రక్తము పరీక్షింపగా, 301 మందిలో ప్రతిరక్షకములే కనబడలేదు. ఆరోగ్యవంతులలో దాదాపు అందరికిని పట్టిన టీకా అది. పిల్లల సంగతి కొంత మేలు, అయినను అపాయము లేకపోలేదు. 2019లో ప్రచురింపబడిన ఒక పరిశోధనలో, అమెరికా ఆసుపత్రులలో అవయవ మార్పిడి జరిగిన దాదాపు ఏడు వేలమంది పిల్లల వృత్తాంతము చూచిరి. మొదటి అయిదేండ్లలో వారిలో సుమారు ఆరుగురికి ఒకరు, టీకాతో గాని ముందుమందుతో గాని తప్పింపదగిన అంటురోగముతో ఆసుపత్రి పాలైరి.

బ్రదికియున్న క్రిమితో చేసిన టీకాలను ఈ బిడ్డలకు వేయరాదని వైద్యులు చాలకాలము ఖండితముగా చెప్పిరి. ఇటీవల ఆ గోడలో చిన్న ద్వారము తెరువబడినది. 2023లో వెలువడిన పరిశోధనలో 18 ఆసుపత్రులలోని 281 మంది పిల్లలకు, అవయవము చక్కగా నిలిచి, మందుల మోతాదు తగ్గిన పిమ్మట, వైద్యుల కనిపెట్టులో ఈ టీకాలను వేసిరి. తట్టు విషయములో నూటికి 86 మందికిని, గవదబిళ్ళల విషయములో 83 మందికిని, రుబెల్లా విషయములో 99 మందికిని, ఆటలమ్మ విషయములో 72 మందికిని రక్షణనిచ్చు ప్రతిరక్షకములు కనబడెను. అయిదుగురికి ఆటలమ్మ పొక్కులు వచ్చెను. ఇది సంతోషకరమైన వార్త. కాని ఏరి ఎంచిన పిల్లలలో, అనుభవముగల వైద్యుల యెదుట జరిగిన పని యిది. తల్లిదండ్రులు తమంతట తాము చేయదగినది కాదు.

ముందుగా వేయవలెను

అన్నిటికంటె మేలైన మార్గము ఒకటి గలదు. అవయవము మార్చకముందే, మరపు మందులు మొదలుపెట్టకముందే, వీలైనన్ని టీకాలు ముగించుట. చంపిన క్రిముల టీకాలను మార్పిడికి కనీసము రెండు వారముల ముందును, బ్రదికియున్న వాటిని కనీసము నాలుగు వారముల ముందును ముగింపవలెనని వైద్యులు చెప్పుదురు.

అయితే కాలము ఎల్లప్పుడును చాలదు. పుట్టుకతోనే పైత్యనాళములు మూసికొనిపోయిన బిడ్డలుందురు. పసికామెర్లు రెండు వారములు దాటినను తగ్గక, మలము సుద్దవలె తెల్లగా నున్నచో ఈ రోగమేమో యని అనుమానింపవలెను. జపాను వైద్యుడు మోరియో కసాయి దీనికొక శస్త్రచికిత్స కనుగొనెను. అది రెండు నెలల లోపల చేసిన ఎక్కువ ఫలించును. అది ఫలింపనప్పుడు ఏడాదికో రెండేండ్లకో కాలేయమునే మార్చవలసివచ్చును. మన ప్రభుత్వపు పట్టికలో తట్టు-రుబెల్లా సూది మొదటి మోతాదు తొమ్మిదవ నెల నిండిన తరువాత, రెండవది పదునారు నెలలు నిండిన తరువాత. ఆ లోపలనే మార్పిడి జరుగవలసిన బిడ్డకు తట్టు సూదిని ఆరవ నెలలోనే వేయవచ్చును. అడుగవలసిన తల్లిదండ్రులకు ఈ సంగతి తెలియవలెను. జబ్బుబిడ్డకు సూది ఎందుకని ఇంటివారు జాలిపడి మానిపించుట మన ఊళ్ళలో నున్నది. ఇట్టి బిడ్డ విషయములో ఆ జాలియే కీడగును. ఆరోగ్యముగల బిడ్డకు ఒక నెల ఆలస్యమైనను మరల వేయించవచ్చును. ఈ బిడ్డకు ఆ నెల మరల రాదు.

చెడిన అవయవముతో నీరసించిన దేహమునకు మార్పిడికి ముందే టీకా తక్కువగా పట్టును. కాబట్టి రక్తశుద్ధి చేయించుకొను పిల్లలకు హెపటైటిస్ బి సూదిని ఎక్కువ మోతాదులో వేసి, తరువాత రక్తము పరీక్షించి చూతురు. మార్పిడి జరిగిన మూడు మొదలు ఆరు నెలలకు చంపిన క్రిముల టీకాలను మరల మొదలుపెట్టుదురు. ప్రతిరక్షకములు తరిగినచో మరల వేయుదురు. ఇదంతయు ఆ బిడ్డను చూచుచున్న వైద్యుడే నిర్ణయింపవలెను.

పొరుగువాని చేయి

ఇంత జాగ్రత్త చేసినను ఆ బిడ్డ చుట్టునున్న కంచెలో సందులు మిగులును. ఆ సందులను మూయునది ఎవరు? ఇంటనున్న అక్కయు, అన్నయు, నాయనమ్మయు, ప్రక్కయింటి పిల్లవాడును, బడిలో ప్రక్కన కూర్చుండు వాడును, గుడిలో పాటలు పాడు మనమందరమును. తట్టు పట్టిన ఒక్క బిడ్డ, టీకా లేనివారి నడుమ పండ్రెండు మొదలు పదునెనిమిది మందికి దానిని అంటింపగలదు. నూటికి 95 మంది రెండు మోతాదులు వేయించుకొన్న ఊరిలో ఆ రోగము కాలు నిలుపుకొనలేదు. ఆ 95 మంది తమ కొరకు వేయించుకొన్న సూది, వేయించుకొనలేని అయిదుగురికి గోడయై నిలుచును.

ఆ గోడ కూలిన చోట ఏమి జరుగునో 2022లో బొంబాయిలో చూచితిమి. సూదులు తప్పిన పేటలలో తట్టు ప్రబలి పసిబిడ్డలు మరణించిరి. ఇంకొక సంగతి గలదు. టీకా వేయించుకొనని డచ్చి పిల్లలను పరీక్షించి 2019లో ప్రకటించిన పరిశోధనలో, తట్టు వచ్చి పోయిన పిమ్మట ఆ పిల్లల రక్తములో వెనుక నేర్చుకొనిన ప్రతిరక్షకములు నూటికి 11 మొదలు 73 పాళ్ళు నశించినట్లు తేలినది. తట్టు తాను కీడు చేసి ఊరకుండదు. ఇతర రోగముల జ్ఞాపకమును కూడ దోచుకొనిపోవును. పిల్లలకు తట్టు వచ్చుట మామూలే యని తేలికగా చెప్పువారు ఈ సంగతి నెరుగవలెను.

మన తెలంగాణములో 2017 ఆగస్టులో తట్టు-రుబెల్లా టీకాను పదునైదేండ్ల లోపు పిల్లలకందరికిని బడులలో వేసిరి. ఆ దినములలోను, సూదితో ఏదో కీడు జరుగునను వదంతులు ఊరూర తిరుగుటచే కొందరు పిల్లలను బడికి పంపక దాచిరి. ఇప్పుడు ఇంకొక తప్పుడు మాట పుట్టవచ్చును: 'ఆ బిడ్డకు ఇన్ని సూదులు వేసినను జబ్బు చేసినది గదా, ఇక టీకా ఎందుకు?' అని. దీనికి జవాబు చదువరులు ఇప్పుడు చెప్పగలరు. లోపము సూదిలో లేదు. ప్రాణము నిలుపుటకై ఆ బిడ్డ మ్రింగు మందు వలన అది తక్కువగా పట్టినది. అదే సూది నీ బిడ్డకు బాగుగా పట్టును. ఆ బిడ్డకు తక్కువగా పట్టుటయే నీ బిడ్డకు వేయించుటకు గట్టి కారణము.

ఇట్టి బిడ్డ మన ఊరికి వచ్చినప్పుడు చేయవలసినవి కొన్ని గలవు. ఇంటివారందరును తమ టీకాలు ముగించుకొనవలెను. ఏటేట ఇన్‌ఫ్లుయెంజా సూది వేయించుకొనుట మంచిది. ఆ యింటి పిల్లలకు తట్టు సూది వేసినను దాని క్రిమి జబ్బుబిడ్డకు అంటదు గనుక భయపడి మానరాదు. పోలియో చుక్కల విషయము వేరు. చుక్కలలోని క్రిమి మలము ద్వారా ఇతరులకు చేరగలదు. కాబట్టి ఆ యింటి పసివారికి చుక్కల బదులు సూది వేయించు సంగతిని ముందుగా వైద్యునితోను ఏ.ఎన్.ఎం. అమ్మతోను మాటలాడవలెను. తక్కిన యిండ్లవారు చుక్కలు మానవలసిన పని లేదు. బడిలో గాని ప్రక్కయింట గాని తట్టుయో ఆటలమ్మయో వచ్చినదని తెలిసినచో, ఆ తల్లి ఆ దినముననే ఆసుపత్రికి ఫోను చేయవలెను. తట్టు సోకిన ఆరు దినముల లోపల ఇచ్చినయెడల మేలు చేయు మందు గలదు. మన కాగజ్‌నగరు నుండి హైదరాబాదు దాదాపు మూడు వందల కిలోమీటర్లు. బెజ్జూరు, దహెగాం వైపు ఊళ్ళవారికి ముందు కాగజ్‌నగరు చేరుటయే ఒక ప్రయాణము. కాబట్టి ఒక్క దినమైనను జాగు చేయరాదు. ఇది జరుగవలెనన్న ఇరుగుపొరుగువారు తమ పిల్లలకు అమ్మవారు పోసిన సంగతిని దాచక, ఆ తల్లికి కబురు పంపవలెను. సిగ్గుపడి దాచిన కబురు ఒక ప్రాణము తీయగలదు.

పరామర్శకు పోవుటయందును వివేకము కావలెను. జబ్బుబిడ్డ యింటికి వచ్చెనని వినగానే పదిమంది గుమిగూడి ప్రార్థించుట మన వాడుక. అది ప్రేమయే. అయితే దగ్గుతోను జ్వరముతోను పోయి ఆ బిడ్డను ఎత్తి ముద్దాడుట ప్రేమ కాదు. గడపకు వెలుపల నిలిచి చేసిన ప్రార్థనయు వినబడును. సంఘమును శరీరముతోను, విశ్వాసులను దాని అవయవములతోను పోల్చి పౌలు కొరింథీయులకు వ్రాసిన సంగతి మనమెరుగుదుము. తనదికాని అవయవముతో బ్రదుకుచున్న బిడ్డ మన నడుమ నున్నప్పుడు ఆ పోలిక మరింత లోతుగా తెలియుచున్నది.

మన కాగజ్‌నగరు కాగితము పేరు మోసిన ఊరు. ఇక్కడి మిల్లులో ఎన్నో తరముల వారు కాగితము చేసి పొట్టపోసికొనిరి. మన ఇండ్లలో నున్న కాగితములన్నిటిలో పట్టాకాగితమును ఇనుప పెట్టెలో భద్రపరతుము. బిడ్డ పుట్టినప్పుడు ఇచ్చిన టీకాల కార్డును మాత్రము చూరులో చెక్కి మరచుచున్నాము. ఈ వారము ఆ కార్డును వెదకి తీయుడు. ఏ గడి ఖాళీగా నున్నదో చూడుడు. ఖాళీ యున్నయెడల బుధవారముననో శనివారముననో ఏ.ఎన్.ఎం. అమ్మ వచ్చునప్పుడు బిడ్డను తీసికొని పొండు. చదువురాని తల్లులకు మన యువకులు ఆ కార్డు చదివి చెప్పవలెను.

రెండు వందల యేండ్ల క్రిందట పేరు తెలియని పిల్లలు తమ చేతి నుండి పొరుగు బిడ్డ చేతికి ఆ మందును మోసికొని హైదరాబాదు దాక తెచ్చిరి. నేడు మోయవలసిన పని లేదు. మన బిడ్డ చేతిని చాచినచో చాలును. ఆ సూది వలన ఎవరి బిడ్డ బ్రదికెనో మనకు ఎన్నటికిని తెలియకపోవచ్చును. తెలియకపోయినను చేయదగిన మేలు అది.